మందుగుండు చేపలు

వెనో దీవి బజారులో చేపలమ్మే ఎర్సీనా ఐసుపెట్టె దగ్గరికి వచ్చిన ముసలావిడ ఓ చిలకచేపను చేతిలోకి తీసుకుంది. నడుం దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా ఐసులో పెట్టేసి, పక్క పెట్టె దగ్గర కొనుక్కుంది. ఆ ఏమీ అనకపోవడమే ఎర్సీనాకు గుచ్చుకుంది.

ఆ చేపను అక్కడే కోసి చూసింది. వెన్నెముక విరిగి ఉంది. దాని పొడవునా నెత్తురు నల్లగా గడ్డకట్టింది. వలలో పడిన చేపకు నడుం ఎందుకు విరుగుతుంది?

చేపలు తెచ్చేది సొంత తమ్ముడు తొసివో. మూడు వారాలుగా పెట్టె నిండుతోంది. వలలో బాగా పడుతున్నాయని చెప్పాడు. పడవ మీద తమ దీవి టొనోవాస్‌కు తిరిగొచ్చి ఇంట్లోకి కూడా వెళ్లకుండా ఆమె ఆ వల దగ్గరికే పోయింది. చూరు కింద ఎండి కరకరలాడుతోంది. దాని మీద సాలీడు గూడు కూడా కట్టుకుంది.

అయినా తమ్ముణ్ణి అడగలేదు. ఆ దీవుల్లో అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల మీద గొంతెత్తరు. వాళ్లు కూర్చుని ఉంటే ముందునుంచి వంగి నడుస్తారు. అందుకని కళ్లతోనే వెతకసాగింది. తొసివో వేళ్లు గోళ్ల దాకా పచ్చగా ఉన్నాయి. అది పసుపని అతని భార్య మియాకో తనే చెప్పింది. అడగకముందే ఎందుకు చెప్పినట్టు?

ఆ సాయంత్రం తొసివో తను దంచిన సీమపనస ముద్దలోంచి ఓ ముక్క తుంచి అక్కకిచ్చాడు. నాలుకకు తగలగానే కటిక చేదు. పసుపు చేదు కాదది. తలవంచుకుని మింగేసింది.

మర్నాడు అతను పడవెక్కాక వంటపాకలో వెతికింది. కట్టెల వెనక, పొయ్యికి నాలుగడుగుల దూరంలో, గుడ్డ కప్పిన ప్లాస్టిక్ బకెట్ కనిపించింది. గుడ్డ కింద పచ్చటి పొడి, గడ్డలు. పిల్లలు రోజూ చేపలు కాల్చుకునే పొయ్యి అది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మియాకో.

"ఇదా నీ పసుపు?"

మియాకో కింద కూలబడి అంతా చెప్పేసింది. రేవు ఎదుట రెండో ప్రపంచయుద్ధంలో మునిగిన ఓడ నిండా ఫిరంగి గుండ్లే. తొసివో ఊపిరి బిగబట్టి దిగి, తాడు కట్టి ఒక్కొక్కటీ పైకి లాగుతున్నాడు. నీళ్లు పోస్తూ రంపంతో కోసి లోపలి పేలుడు మందు తీస్తున్నాడు. దాన్ని సీసాల్లో కూరి చేపల గుంపు మీద విసురుతున్నాడు.

"మావయ్యకు చెప్పు వదినా. ఆయన మాటైతే వింటాడు."

మేనమామ నామియో వాళ్ల వంశానికి పెద్ద. రోజూ అందరికంటే పెద్ద చేప వెళ్లేది ఆయన ఇంటికే. అదెలా పడుతోందో ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఎర్సీనా అటు అడుగు వేయలేదు.

బకెట్ నిండా నీళ్లు పోసి, తడి గోనె చుట్టి, చిన్న పడవలో పెట్టుకుంది. అదురుకు పేలుతుందేమోనని ఇంజను ముట్టుకోలేదు. అల తగిలినప్పుడల్లా తెడ్డు ఆపి బకెట్‌ను కదలకుండా పట్టుకుంది. లోతైన చోట మెల్లగా జారవిడిస్తే, కిందికి పోతూ పోతూ నీళ్లను పచ్చగా చేసింది.

తిరిగొచ్చేసరికి తొసివో రేవులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. మియాకో చెప్పేసినట్టుంది.

"ఇంజన్ వేశావా అక్కా?"

"తెడ్డుతోనే వెళ్లాను."

అతను నీళ్లలోనే చతికిలపడ్డాడు. అక్కకన్నా కిందగా. పోయిన వారం ఒక గుండు సగం కోశాక వేడెక్కి పొగ వచ్చిందని చెప్పాడు. భయపడి, తాడుతో దాన్ని మళ్లీ ఓడ మీదికే, దాని స్తంభం పక్కకు దించేశాడట.

"అక్కడ టూరిస్టులు ఈదుతారు కదరా."

"అందుకే నిద్ర పట్టట్లేదు."

మర్నాడు ఇద్దరూ వెనో వెళ్లి, సముద్రంలోని పాత గుండ్లను తీసి పేలకుండా చేసేవాళ్ల ఆఫీసులో చెప్పారు. అక్కడివాళ్లు దిగి చూశారు. స్తంభం పక్కన తెగిన తాడు ముక్క ఉంది కానీ గుండు లేదు. తొసివో ఆ గుండును వేరేచోట దాచుకుని అబద్ధం చెప్పాడని ఆఫీసువాళ్లు అనుకున్నారు. ఒక్క క్షణం ఎర్సీనా కూడా అనుకుంది.

"అది అక్కడుందని ఇంకెవరికి తెలుసు?" అని దారిలో అడిగింది. ఆమె గొంతెత్తడం అదే మొదటిసారి.

"మావయ్యకు. ఆ ఓడ చూపించిందే ఆయన."

నామియో అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. తనకేమీ తెలియదన్నాడు. పెద్దవాడు కూర్చుని ఉండగా మేనకోడలు ఎదురుగా నిలబడే ఉందని చిరాకుపడ్డాడు. ఎర్సీనా మాత్రం కూర్చోలేదు. ఆయన వెనక నిలబడ్డ అత్త గడ్డంతో పందులదొడ్డి వైపు చూపించింది. పలకల కింద, తడి ఆకుల్లో చుట్టి, సగం కోసిన గుండు.

అది పేలుతుందేమోనని ఆ రోజు ఊరంతా ఇళ్లు వదిలి చర్చిలో గడిపింది. ఆఫీసువాళ్లు దాన్ని తడి ఇసుకలో పెట్టి తీసుకెళ్లారు. తొసివోకు జరిమానా పడింది. ఇప్పుడతను నిజంగానే వల వేస్తున్నాడు, సగం పెట్టె కూడా నిండదు.

నామియో ఎర్సీనాతో మాట మానేశాడు. ఆమె ఆయన వాటా చేప పంపుతూనే ఉంది. పళ్లెం ఖాళీగానే తిరిగొస్తోంది. తింటున్నాడో, పందులకు వేస్తున్నాడో ఆమెకు తెలియదు.