ఓడ గాజులో శని

మంగేష్ ముందరి పళ్లు రెండు రాలింది ఒక శనివారం పొద్దుగూకే వేళ. ఒక పన్ను డాబా మెట్ల మీద దొరికింది. రెండోది నాలుగో అంతస్తు పిట్టగోడ దాటి, మా కామాటిపుర గల్లీ దాటి, ఫోరస్ రోడ్డులో భజియాలు వేసేవాడి మూకుట్లో పడి ఎర్రగా వేగింది. నమ్మనివాళ్లు నమ్మకండి. ఆ భజియా కొని కొరికింది నేనే.

కొట్టినవాడు శివరాం. మేమిద్దరం మొజాయిక్ గచ్చులు రుద్దే పని చేస్తాం. ఆయన పుట్టింది వరసగా ఒంటి గదులుండే ఈ చాల్‌లోనే. నేను మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఆయన గదిలోనే ఒక మూల చాప వేసుకున్నాను. రాయిని అద్దంలా మెరిసేదాకా రుద్దడం మా చేతి విద్య. ఆ విద్యే ఆయన కొంప ముంచింది.

రెండేళ్ల కింద చోర్ బజార్‌లో ఆయనకు ఓడ కిటికీ గాజు ఒకటి దొరికింది. రెండు వేళ్ల మందం, ఎనిమిది అంగుళాల వెడల్పు. మూడో అంతస్తులో ఉండే సీమా కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. దీన్ని మూకుడులా కొంచెం లోతుగా రుద్ది, వెండిలాంటి పూత పూయించి, లావు డ్రైనేజీ పైపు అడుగున పెడితే ఆకాశం దగ్గరికొస్తుందని ఆమె చెప్పింది. శివరాం గచ్చు రుద్దే పొడి తెచ్చి, ఎనిమిది నెలలు రుద్దాడు. ఆ గరగర భరించలేక మా చాల్ ఎలుకలు మూటాముల్లె సర్దుకుని భాయ్‌ఖళాకు పోయాయి. చివరికి పైపు డాబా ఎక్కింది. పైన మూతి తెరిచి ఉంటుంది, అద్దం అడుగున ఉంటుంది, కన్ను పెట్టే చిన్న గొట్టం పక్కన ఉంటుంది. ముగ్గురం చంద్రుడి గుంతలు చూశాం. గురుడి చుట్టూ తిరిగే నాలుగు చుక్కలు చూశాం. శివరాం ఇక కింద చూసి నడవడం మానేశాడు.

చిక్కల్లా డాబాతో వచ్చింది. అక్కడ మంగేష్ పావురాల గూడు ఉంది. మంగేష్ టాక్సీ నడుపుతాడు. బండి దిగాడంటే పావురాలే లోకం. అరవై పావురాల్లో తెల్లది ఒకటి, పేరు రాణి, కాలికి ఇత్తడి రింగు. తొమ్మిదేళ్లుగా ఆయన భుజం మీదే దాని కాపురం. పావురాలు పైపు మీద రెట్టలు వేస్తున్నాయని శివరాం గూటి మీద నీళ్లు కుమ్మరించాడు. మంగేష్ పైపు కింది సిమెంటు దిమ్మను తన్నాడు. వారంలో మూడుసార్లు చొక్కాలు చిరిగాయి. చాల్ కమిటీ పెద్ద పోచమ్మకు విసుగొచ్చింది.

"శని సుట్టు రింగు ఉన్నదంటున్నవ్ గద, శివరాం. శనివారం ఎనిమిదింటికి కమిటీ పైకొస్తది. సూపెట్టు. సూపెడితే డాబా తాళం చాబీ నీది. లేకుంటే పైపు తుక్కు కింద భంగార్‌ల ఎయ్యి, డాబా పావురాలది."

శుక్రవారం మంగేష్ మెట్ల మీద మమ్మల్ని ఆపాడు.

"మామా, నీ పైపు మస్తు చల్లగున్నది. లోపల గింజలేస్తే నా పిల్లలు గుడ్లు పెట్టుకుంటయి."

"ఏసి సూడు, నీ మెడ ఉంటదో లేదో," అన్నాడు శివరాం.

శనివారం పొద్దున పనికి బయలుదేరుతుంటే ఆయన తల్లి రాజవ్వ అడ్డమొచ్చింది. ఎనభై దాటిన మనిషి, పిడికెడంత ఉంటుంది.

"శనిని ఇంటికి పిలుస్తున్నవా కొడకా?"

"ఇంట్లకు రాడవ్వా. పైపు అడుగున కనబడి పోతడు," అని శివరాం చెప్పులు తొడుక్కున్నాడు.

సాయంత్రం ఆరింటికి వచ్చి, గచ్చు చదును చేసే ఆరడుగుల అల్యూమినియం పట్టీ ఇంకా చేతిలో ఉండగానే డాబా ఎక్కాం. శివరాం పైపు మూతి మీద గుడ్డ తీసి, లోపలికి టార్చి కొట్టాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు అయింది. నేనూ తొంగి చూశాను. అద్దం మీద జానెడు నూనె నిలిచి ఉంది. నూనె అడుగున నల్లటి గింజలు పేరుకున్నాయి.

మంగేష్ గూటి దగ్గర నిలబడి, రాణిని భుజం మీద పెట్టుకుని ఈల వేస్తున్నాడు.

శివరాం పట్టీ తిప్పాడు. మంగేష్ వీపు మీద అడ్డంగా కొట్టాడు. ఆ చప్పుడుకు అరవై పావురాలూ ఒక్కసారిగా లేచాయి.

"గింజలేస్తవారా నా అద్దంల?"

"ఏ గింజల్ మామా, పాగల్ అయినవా ఏంది?"

రెండో దెబ్బ మూతి మీద పడింది. పళ్లు పోయింది అప్పుడే. మంగేష్ రక్తం ఉమ్మి, పావురాలను ఎగరేసే వెదురు గెడ అందుకున్నాడు. గెడ దెబ్బకు శివరాం నుదురు నెత్తిదాకా చీలి, కళ్ల నిండా రక్తం కారింది. నేను మధ్యలోకి దూకాను. దూకకుండా ఉండాల్సింది. గెడ నా మోకాలికి తగిలి చిప్ప వెనక్కి తిరిగింది. ఇప్పటికీ వెనక్కి నడిస్తేనే దానికి సుఖం.

ఇద్దరూ కలబడి మెట్ల మీద పడ్డారు. నాలుగో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు ఒక్క మెట్టూ ముట్టుకోకుండా దిగారు. ఎవరిదో తలుపు ఊడింది, ఎవరిదో కుక్కరు పప్పుతో సహా గోడకు అతుక్కుంది. ఒకామె బకెట్‌తో నీళ్లు కొడితే ఆ నీళ్లు ఎర్రగా కిందికి కారాయి. మంగేష్ శివరాం చెవి కొరికాడు. శివరాం మంగేష్ తలను రెయిలింగుకు మూడుసార్లు కొట్టాడు. నెత్తుటి ముద్దలై, ఒకరినొకరు ఈడ్చుకుంటూ మళ్లీ డాబా ఎక్కారు.

రాణి మంగేష్ భుజం వెతుక్కుంటూ వచ్చి, తడబడి శివరాం మీద వాలింది. కళ్లలో రక్తంతో ఆయనకేమీ కనబడటం లేదు. కుడిచేత్తో దాన్ని పట్టుకుని మెడ తిప్పేశాడు.

ఆ చప్పుడు గురించి పెంచి చెప్పడానికేమీ లేదు. అగ్గిపుల్ల విరిగినట్టు వినబడింది.

మంగేష్ గెడ వదిలేశాడు. పిట్టను తీసుకుని నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాడు. తువ్వాలు పరిచి అందులో పడుకోబెట్టి, రెక్కలు సర్ది, కాలి రింగు తుడిచాడు.

అప్పుడే సీమా దుకాణం నుంచి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా పైపును పక్కకు వంచింది. నూనె ధారగా కారింది. చేయి పెట్టి, పైపు గోడకు అతుక్కున్న ఆకునొకటి లాగింది.

"మామా, పావురాలు జిల్లేడాకు తింటయా?"

ఆమె వేళ్లు వాసన చూసుకుంది.

"ఇది నువ్వుల నూనె. గింజలు ఉడద్."

నువ్వుల నూనె, నల్ల మినుములు, జిల్లేడాకు. ప్రతి శనివారం గుడి ముందు లైనులో నిలబడి మేమందరం శనికి పోసేవే. చూసి కూడా మా ఇద్దరికీ తట్టలేదు. మెట్ల వైపు తిరిగితే అక్కడ రాజవ్వ ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"నేనే పోసిన," అంది. "నువ్వే అంటివి గద, అడుగున ఉంటడని. మన డాబా మీదికొచ్చినోన్ని ఉత్తగ కూసోబెడ్తమా? పావు డబ్బా పోసిన. తక్కువైందా?"

శివరాం తల్లిని చూశాడు. తువ్వాలును చూశాడు. కింద పడిన పట్టీ తీసి మంగేష్ ముందు పెట్టాడు.

"కొట్టు."

మంగేష్ పట్టీ తీసుకుని లేచాడు. శివరాం వైపు రాలేదు. నేరుగా పైపు దగ్గరికి నడిచి, రెండు చేతులా పట్టీ ఎత్తాడు. ఆ అద్దం పగిలితే శివరాం బతకడని నాకు తెలుసు. మోకాలు లేక నేను లేవలేకపోయాను. శివరాం కుంటుతూ పోయి, పైపు అంచు మీద కుడిచేయి పరిచాడు.

"అది వద్దు. ఇది కొట్టు."

"ఈ చెయ్యేనా తిప్పింది?"

"ఈ చెయ్యే."

మంగేష్ కొట్టాడు. శివరాం చేయి తీయలేదు. మళ్లీ కొట్టాడు. రెండో దెబ్బకు మూడు వేళ్లు విరిగి పక్కకు తిరిగాయి. చేయి అక్కడే ఉంది. మంగేష్ పట్టీని విసిరేసి, పోయి తువ్వాలు పక్కన కూర్చున్నాడు.

ఎనిమిదికి ఇంకా ముప్పావు గంట ఉంది. సీమా అద్దం విప్పి సబ్బు నీళ్లలో ముంచింది. శివరాం విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఒకే మాట చెబుతూ కూర్చున్నాడు.

"రుద్దకు బిడ్డా. నీళ్లు పోనియ్యి, అంతే. రుద్దకు."

పుట్టిన దగ్గర్నుంచి రుద్దడమే తెలిసిన మనిషి. పూత నిలిచింది. ఫ్యాను ముందు ఆరబెట్టి, పైపులో దించి, ఆయన చెప్పినట్టల్లా నేను మరలు తిప్పాను.

పోచమ్మ కమిటీతో వచ్చి, టార్చి వెలుగులో డాబా అంతా చూసింది.

"ఈ నెత్తురేంది?"

"మెట్లు జారినం," అన్నాడు మంగేష్, పళ్లు లేని నోటితో.

పోచమ్మ భయంతో రెండు కళ్లూ మూసుకుని గొట్టంలో చూసి, ఏమీ లేదంది. ఒక కన్ను తెరవమని సీమా చెప్పింది. తెరిచింది. ఇక గొట్టానికే అతుక్కుపోయింది. నిమ్మకాయంత పసుపుపచ్చటి చుక్క, దాని నడుముకు సన్నని తీగ చుట్టినట్టు రింగు. కమిటీ వాళ్లంతా చూశారు. పోచమ్మ కొంగుముడి విప్పి చాబీ ఇచ్చింది. శివరాం పట్టుకోలేకపోతే నేను తీసుకున్నాను.

అందరూ దిగిపోయాక మంగేష్ లేచాడు. తువ్వాలు మూట చంకలో పెట్టుకుని గొట్టం దగ్గర వంగాడు.

"రింగు ఉన్నది," అన్నాడు.

"ఆ," అన్నాడు శివరాం.

"రింగు ఉంటే ఎవడో పెంచినట్టే, మామా."

మూటతో మెట్లు దిగి వెళ్లిపోయాడు. శివరాం నన్ను పిలిచాడు.

"పెంటయ్యా, చాబీ పావురాల గూటి మేకుకు తగిలియ్యి."

కుంటుతూ పోయి తగిలించి వచ్చేసరికి రాజవ్వ మునివేళ్ల మీద నిలబడి గొట్టంలో చూస్తోంది.

"మస్తు మెరుస్తున్నడు," అంది. "నూనె అందినట్టే ఉన్నది."