మీనంబాకం దాకా నాలుగున్నర గంటలు

నాలుగున్నర గంటలు, అంతే, సింగపూర్లో పొద్దున ఏడింటికి ఎక్కితే మద్రాసు మీనంబాకంలో తొమ్మిదిన్నరకే దిగొచ్చు, వాళ్ళ గడియారం మనకంటే రెండు గంటలు ముందు, ఈ లెక్క మనుబోలు మొత్తానికి నాకొక్కడికే తెలుసు, బళ్ళో భూగోళం చెప్పేవాణ్ణి, పద్దెనిమిది వందల మైళ్ళని గ్లోబు మీద దారం పెట్టి కొలిచి చూపించినవాణ్ణి, అదే నోటితో నిన్న అమ్మ పోయాక మా గుడి పాస్టరు అయ్యగారితో అన్నాను, విమానమైనా రెండు రోజులు పడుతుందండీ, మధ్యలో రెండు చోట్ల మారాలి, మా సమాధానం అన్న అందుకోలేడు, ఈ మే నెల ఎండలో అమ్మను అంతసేపు ఉంచలేం, అయ్యగారు తలూపారు, జ్ఞానప్రకాశం మాస్టరే చెప్పినాక ఇంకేముంది అన్నారు, అప్పుడు నా జేబులో చావు కబురందుకుని అన్న తిరిగిచ్చిన తంతి ఉంది, రేపు పొద్దున విమానంలో వస్తున్నా, నేనొచ్చేదాకా ఆపండి అని, పోస్టాఫీసు మెట్ల మీద చదివి నాలుగు మడతలు పెట్టి దాచేశాను.

పెట్టె గోతిలోకి దించాక మొదటి గుప్పెడు మట్టి పెద్దకొడుకు వేయాలి, మా వాళ్ళలో అదీ పద్ధతి, వాడు వేసేదాకా ఎవరూ పార ముట్టరు, మూడేళ్ళు మంచంలో ఉన్న అమ్మకు ఒళ్ళు తుడిచింది నేను, జావ తాగించింది నేను, చివరి వారం నన్ను అన్న అనుకుని, చెయ్యి పట్టుకుని, సమాధానం, వచ్చినావా నాయనా అంటే, వచ్చినానమ్మా అన్నదీ నేనే, ఒక్క పూట, ఒక్క గుప్పెడు నాకు రాకూడదా అనిపించింది, ఇవాళ తొమ్మిదిన్నరకు మట్టి వేశాను, సరిగ్గా అప్పుడే అన్న మీనంబాకంలో మెట్లు దిగుతుంటాడని తెలుసు, తెలిసే వేశాను, ఇంటికొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

కారు చప్పుడు, మద్రాసు టాక్సీ, ఇంకా మూడు కాలేదు, పందిరి కింద అందరూ లేచారు, అన్న దిగాడు, ఖాళీ మంచం చూశాడు, నన్ను చూశాడు, అడిగింది మాత్రం రెబెక్కమ్మ అత్త, అదేందయ్యా మాస్టరూ, రెండు రోజులన్నావు, నిన్న చచ్చిపోతే ఇయ్యాళే దిగినాడే మీ అన్న, అయ్యగారు కళ్ళద్దాలు తీసి నా వైపు తిరిగారు, అయిపోయింది, తంతి ఇచ్చినాను గదరా అని అన్న ఒక్క మాటంటే చాలు, అన్న గొంతు సవరించుకున్నాడు, తమ్ముడు చెప్పింది నిజమేనండీ, రెండు రోజుల దారి, జబ్బని ఉత్తరం రాంగానే ముందే బయల్దేరినా, నిన్న సాయంత్రమే మద్రాసులో దిగినా, అలసిపోయి హోటల్లో పడుకుండిపోయినా, అత్త బుగ్గ నొక్కుకుంది, ఓరి నాయనా, తల్లి ప్రాణం మీదికొచ్చి ఉంటే నిద్రెట్ట పట్టిందయ్యా నీకు, పరుపు అంత మెత్తగా ఉండెనా, వెనక ఎవరో తుపుక్కున ఉమ్మారు, అన్న తల దించుకున్నాడు.

చెప్పాలి, ఇప్పుడే, తంతి తీసి అయ్యగారి చేతిలో పెడితే చాలు, రెండడుగులు, చెయ్యి జేబు దాకా వెళ్ళింది, అంతలో అయ్యగారు నా భుజం తట్టి, నీకైనా ఆ భాగ్యం దక్కింది మాస్టరూ అన్నారు, నేను తలూపాను, ఊపగానే తెలిసిపోయింది, ఇప్పుడు చెప్పనివాణ్ణి రేపూ చెప్పను, ఎప్పటికీ చెప్పను, అన్న మళ్ళీ విమానమెక్కి వెళ్ళిపోతాడు, తల్లి పోతుంటే మద్రాసులో నిద్రపోయిన కొడుకని ఈ ఊళ్ళో వాడి పేరు నిలిచిపోతుంది, నేను మాత్రం బతికున్నన్నాళ్ళూ వీళ్ళందరికీ మంచి కొడుకునే.