కౌంటర్ మీద ఊగిన దారి

పొద్దున్నే షట్టరు ఎత్తగానే అద్దాలక్క చేసే మొదటి పని చేతులకు గ్లౌజులు తొడుక్కోవడం, రెండో పని తమ్ముణ్ణి తిట్టడం. తమ్ముణ్ణి అందరూ చిన్నోడు అంటారు. చిన్నప్పుడు పెట్టిన పేరు. మనిషి పెరిగాడు గానీ పేరు పెరగలేదు. ఇప్పుడు షాపు గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాదు.

"అడ్డు లే. గాజు కనపడట్లేదు."

"కనపడకపోతేనే కదక్కా మంచి గాజు."

రోజూ ఇదే మాట, రోజూ అతనే నవ్వుకుంటాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి సరుకు ఎక్కిస్తారు. పికప్పు వెనక చెక్క స్టాండులో కిటికీ గాజులు నిలువుగా, మధ్య మధ్య పాత దుప్పట్లు. పల్చటి అద్దాలు మాత్రం ముందు సీట్లో అక్క మోకాళ్ళ మధ్య. చిన్నోడు నడుపుతాడు, అక్క పట్టుకుంటుంది. తండ్రి పోయినప్పటి నుంచీ అంతే. అందుకే ఊళ్ళో ఏ వీధిలో ఏ గుంట ఎంత లోతో ఆమెకు కళ్ళతో కాదు, మోకాళ్ళతో తెలుసు. డ్రైవింగ్ మాత్రం రాదు. నేర్చుకుంటానంటే గాజు ఎవరు పట్టుకుంటారు?

ఆ వారం గాజు పగలని రోజు లేదు. చిన్నోడు బండి ముందు మూల మీద చెయ్యేసి గట్టిగా నొక్కి వదిలాడు. బాగున్న బండి అయితే ఒకసారి లేచి ఊరుకోవాలి. ఇది పెళ్ళిచూపుల్లో పిల్లవాడి తరఫు మేనమామలా తల ఊపుతూనే ఉంది. వంగి చూస్తే ముందు షాకబ్జర్లు రెండూ ఆయిలు కార్చి, దుమ్ము పట్టి, తారు పూసినట్టున్నాయి.

"ఇవి పోయాయక్కా. నేనెళ్ళి కొత్తవి పట్టుకొస్తా."

"నేనూ వస్తాను."

చిన్నోడు ఆశ్చర్యపోయాడు. టైర్లు, బెల్టులు, బ్యాటరీలు ఏనాడూ ఆమె పట్టించుకోలేదు. కానీ ఈసారి ఆమెకు కారణం ఉంది. కొన్నాళ్ళుగా చిన్నోడు షాపు వెనక్కి వెళ్ళి ఫోన్లు మాట్లాడుతున్నాడు. మరదలే ఒకరోజు గుడ్డలు ఆరేస్తూ చెప్పేసింది.

"రేవు పట్నం నుంచి మా అన్నయ్యలు పిలుస్తున్నారు వదినా. బండేసుకుని వచ్చెయ్యమంటున్నారు. అక్కడ సరుకు తోలడానికి బండ్లు చాలట్లేదట."

"వాడేమన్నాడు?"

"ఏమంటారు? ఊ అన్నారు."

చిన్నోడు దేనికైనా ఊ అంటాడు. అదే భయం. వాడు పోతే బండి పోతుంది, బండి పోతే సరుకు కదలదు, సరుకు కదలకపోతే షాపు మూసుకోవాలి. ఆ షాపు కోసం ఆమె కాదనుకున్నవి కొన్ని ఉన్నాయి. ఈ మధ్యనే, అదే రేవు పట్నం నుంచి, కిటికీల కంట్రాక్టరు ఒకాయన ఫొటోకి గాజు వేయించుకోవడానికి వచ్చాడు. ఆమె వంపు గాజు కోస్తుంటే చూస్తూ నిలబడిపోయాడు. కొత్త రైల్వే స్టేషనుకి గాజు కప్పు వేస్తున్నామనీ, అంతటి వంపులు కోసే చెయ్యి దొరకడం లేదనీ, వచ్చి ఆ పనంతా చూసుకోమనీ అడిగాడు. "షాపెవరు చూస్తారండీ?" అని ఫొటో కాగితంలో చుట్టి ఇచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, వెళ్ళడం లేదుగా.

స్పేరు పార్టుల షాపు సంత వెనక వీధిలో ఉంది. లోపల రబ్బరు వాసన, గ్రీజు వాసన, పైనుంచి వేలాడే బెల్టులు. కౌంటర్ మీద రెండు రంధ్రాలున్న మందపాటి చెక్క. ఒకటి డ్రైవరు వైపు, ఒకటి రెండో వైపు. బండి ఏదో, ఎంత పాతదో చెప్తే షాపు పెద్దాయన ఆ కొలతకు సరిపడే షాకబ్జర్లు తెచ్చి రంధ్రాల్లో నిలబెడతాడు. అవి ఆ బండికి బిగిస్తే ఏ దారిన పోతాయో ఆ దారంతా అక్కడే ఊగి చూపిస్తాయి. టీ తాగేలోపు నెలలు గడిచిపోతాయి. నచ్చితే తీసుకోవచ్చు, నచ్చకపోతే ఇంకో జత. బిగించాక మాత్రం వెనక్కి తీసుకోడు. గోడ మీద రాసే ఉంది.

వీళ్ళకంటే ముందు ఒక పాలవ్యాను డ్రైవరు నిలబడి ఉన్నాడు. అతని జత ఊరి చివరి దాకా వెళ్ళి ఒక్కచోట చాలాసేపు ఆగింది. మళ్ళీ మర్నాడూ అక్కడే ఆగింది.

"అక్కడ పాలు పోసే ఇల్లే లేదే!" అంది పక్కనున్న అతని భార్య.

"వేరే జత చూపించండి," అన్నాడు డ్రైవరు గబగబా.

"ఏం వద్దు. ఇవే కట్టండి. నేనూ చూస్తాను," అంది భార్య. పెద్దాయన కట్టి ఇచ్చాడు. అలాంటివాటిలో ఆయన తల దూర్చడు.

తర్వాత వీళ్ళ వంతు. చిన్నోడు బండి వివరం చెప్పాడు. పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఇంకా నడుస్తోందా అది?"

"నడవట్లేదండీ, ఎగురుతోంది," అంది అద్దాలక్క. "అందుకే వచ్చాం."

ముందు మామూలు ఆయిలు జత తెచ్చి నిలబెట్టాడు. కడ్డీలు బుస్సుమంటూ కిందికి దిగాయి. డ్రైవరు వైపుది బాగా లోతుకి, రెండోది కొంచెమే.

"అదిగో నువ్వు," అంది ఆమె లోతుగా దిగినదాన్ని చూపించి.

"అదిగో నువ్వు. బొత్తిగా తినవక్కా."

కడ్డీలు కదిలాయి. షాపు ముందు గట్టు, బడి దగ్గర స్పీడుబ్రేకర్లు, రైలు గేటు, ఆస్పత్రి వెనక గుంట. ఆమె మోకాళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. మళ్ళీ షాపు. మళ్ళీ బడి. అదే చుట్టు, రోజు మీద రోజు. పెద్దాయన టీ చల్లారేసరికి ఒక కడ్డీ అడుగున ఆయిలు చెమర్చింది. ఆయన గుడ్డతో కౌంటర్ తుడిచాడు.

"ఇవి రెండు వానాకాలాలు లాగుతాయి. మెత్తనివి, గాజుకి మంచివి. తర్వాత మళ్ళీ రావాలి."

"ఇవి చాలు," అన్నాడు చిన్నోడు. "ఇవే ఇచ్చెయ్యండి."

"ఆగరా. మిగతావి చూద్దాం," అంది ఆమె. ఇంత తొందర దేనికో ఆమెకు అర్థం కాలేదు.

రెండోది గ్యాసు జత. గట్టిగా, టకటకా ఊగి, కొద్ది దూరం పోయి ఠక్కున ఆగిపోయింది. చూశారు. కదల్లేదు.

"ఏమైంది?"

"బండిని తుక్కుకి వేసేశారు. ఈ పాత స్ప్రింగు కట్టల మీద ఇంత బిగువు పెడితే బండి ఒళ్ళు హూనమవుతుంది," అని పెద్దాయన వాటిని తీసేశాడు.

మూడో జత లావుపాటివి, బరువు బండ్లకు వేసేవి, కానీ ఆయిలువే. నిలబెట్టగానే వింతగా మొదలుపెట్టాయి. డ్రైవరు వైపు కడ్డీ పైపైనే ఉంది. రెండోది మాత్రం అడుగు దాకా కూరుకుపోయింది. రెండూ ముందుకు తూలి ఆగాయి. మళ్ళీ తూలి ఆగాయి.

"తారుమారుగా పెట్టినట్టున్నాను," అని పెద్దాయన రెండిటినీ ఎత్తి అటుదిటు, ఇటుదటు మార్చాడు. మళ్ళీ మొదటి నుంచీ మొదలైంది. డ్రైవరు వైపు తేలిక, రెండో వైపు బరువు. తూలడం, ఆగడం. బడి దగ్గర స్పీడుబ్రేకరు ముందు ఒకటే కుదుపు, దాటాక ఇంకొకటి.

"పాడు సరుకు," అన్నాడు చిన్నోడు. "ఇవి వద్దు."

అంతలో కుదుపులు తగ్గాయి. ఊరి చుట్లు నున్నగా సాగాయి. అప్పుడు రెండో వైపు కడ్డీ ఒక్కసారిగా పైకి లేచి అలాగే ఉండిపోయింది. ఆ సీటు ఖాళీ అయింది. రైలు గేటు దాటి, వెనక్కి తిరక్కుండా, జత రెండూ ఎక్కడికో నెమ్మదిగా పోతున్నాయి. పొడుగాటి నున్నటి రోడ్డు. ఆ తర్వాత చిన్న చిన్నగా టక్, టక్, టక్.

"ఇనుప వంతెన," అన్నాడు పెద్దాయన. "ఆ అతుకులు దానివే. రేవు పట్నమే పోతోంది బండి."

అద్దాలక్క తమ్ముడి వంక చూసింది. అతను నేలచూపులు చూస్తున్నాడు.

"అయితే వెళ్ళిపోదామనే ఉందన్నమాట."

"నేనా? నాకొద్దక్కా ఆ ఊరు!" చిన్నోడి గొంతు షాపంతా నిండింది. "వాళ్ళు రోజూ ఫోన్లు చేసి చంపుతున్నారు. మొహమాటానికి ఊ అంటున్నా. అందుకే కదా మామూలువి తీసుకుందాం అన్నాను. నాకు ఇక్కడే బాగుంది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి తినొచ్చు."

ఇద్దరిదీ ఒకటే భయమని తేలింది. ఇంకేం, మామూలు జత కట్టించుకుని వెళ్ళిపోవచ్చు. పెద్దాయన చుట్టడానికి కాగితం కూడా చించాడు.

ఆమె మాత్రం కౌంటర్ వదల్లేదు. లావుపాటి జత ఇంకా పోతూనే ఉంది. డ్రైవరు వైపు కడ్డీ ఒక వేలంత దిగి ఉంది, అంతే. చిన్నోడు కూర్చుంటే అలా ఉండదు. చిన్నోడు కూర్చుంటే మంచాలే అలా ఉండవు. మరి మొదట్లో రెండో సీట్లో కూరుకుపోయింది ఎవరు? ఆ తూలడం, ఆ ఆగడం, స్పీడుబ్రేకరు ముందు ఆ భయపు కుదుపు. అది పాడు సరుకు కాదు. ఎవరో డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు. పక్కన లావుపాటి మనిషి కూర్చుని నేర్పుతున్నాడు.

ఆమె తన మోకాళ్ళ వంక ఒకసారి చూసుకుంది.

"నడిపేది నువ్వు కాదురా," అంది. "నేను."

చిన్నోడు కడ్డీని చూశాడు, అక్కని చూశాడు, మళ్ళీ కడ్డీని చూశాడు. బరువుల విషయంలో అతన్ని ఎవరూ మోసం చెయ్యలేరు.

"అక్కడ నీకేం పని?"

ఆమె స్టేషను కప్పు సంగతి చెప్పింది. రెండు ముక్కల్లో అయిపోయింది. ఇన్నాళ్ళూ దాచడానికి పట్టిన శ్రమలో సగం కూడా పట్టలేదు.

"ఆయన అడిగితే నాకు చెప్పవా?"

"నీ ఫోన్ల సంగతి నువ్వు చెప్పావా?"

"మరి షాపు? నాకు గాజు కొయ్యడం రాదు."

"నాకు డ్రైవింగ్ రాదు. పొద్దున నువ్వు నాకు నేర్పు, సాయంత్రం నేను నీకు నేర్పుతాను. ఫొటోలూ, కిటికీలే కదా ఇక్కడికొచ్చేవి, తిన్నటి కోతలు. వంపులు నీకక్కర్లేదు."

"బండి నువ్వు పట్టుకుపోతే సరుకు నెత్తిన పెట్టుకు తిరగనా?"

"నీ నెత్తికేం, చాలా పట్టుద్ది. నేను సంపాదించి ఇంకోటి కొనేదాకా అద్దెకు తెచ్చుకో. నాన్న ఈ బండి నా పేరున పెట్టింది సీట్లో కూర్చుని గాజు మొయ్యమని కాదేమో."

"ఆయన నీ పేరున పెట్టింది నేను అమ్మేస్తానని."

"అదీ ఉంది."

పెద్దాయన దగ్గాడు. "ఇవి కొంచెం గట్టివమ్మా. ఖాళీ బండికి ఎగురుతాయి. వెనక ఎప్పుడూ బరువుండాలి."

"గాజు కంటే బరువేముందండీ," అంది ఆమె. "బిగించండి."

"వెనక్కి తీసుకోను మరి."

"గోడ మీద చదివాను."

షాపు వెనక రేకుల షెడ్డులో పెద్దాయనే జాకీ ఎత్తి బిగించాడు. పాత బోల్టులు తుప్పు పట్టి రానంటే చిన్నోడు పానా మీద నిలబడ్డాడు, వచ్చేశాయి. కొత్త జతను నిలువుగా పట్టుకుని, లోపలి గాలి పోయేదాకా చేత్తో కిందికీ పైకీ ఆడించి, కొత్త రబ్బర్లు వేసి, బండిని నేల మీదకి దించారు. చిన్నోడు ముందు మూల నొక్కి వదిలాడు. బండి ఒక్కసారి లేచి నిలబడింది.

ఆ రోజు ఇంకా ఒక అద్దం ఇవ్వాల్సి ఉంది, మంగలి షాపుది, దుప్పట్లో చుట్టి ముందు సీట్లోనే ఉంది. చిన్నోడు అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ చెయ్యి పెట్టి, తీసేసి, చుట్టూ తిరిగి రెండో వైపు వచ్చి, మోకాళ్ళ మధ్య అద్దం పట్టుకుని కూర్చున్నాడు. అతని మోకాళ్ళకీ డాష్‌బోర్డుకీ మధ్య అద్దానికి చోటు చాల్లేదు. నిలబెట్టి గడ్డం కింద పెట్టుకున్నాడు.

అద్దాలక్క గ్లౌజులు తీసి జేబులో పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. ఆ వైపు బండి ఒక వేలంత దిగింది.

"ఎడమ కాలు కింద ఉన్నది క్లచ్చు. పూర్తిగా తొక్కు. ఇప్పుడు మెల్లగా వదులు. మెల్లగా అంటే మెల్లగా అక్కా..."

బండి ముందుకు తూలి ఆగింది. మళ్ళీ తూలి ఆగింది. గుమ్మంలో నిలబడిన పెద్దాయన తల పంకించి, కౌంటర్ చెక్క తుడవడానికి లోపలికి పోయాడు.

"అక్కా, అద్దం!"

"గట్టిగా పట్టుకో," అంది ఆమె తాళం మళ్ళీ తిప్పుతూ. "అదేగా ఇప్పుడు నీ పని."