నా వెనకాల గూట్లో గోలీలు

నేను ఒక గోడ క్యాలెండర్‌ను. పన్నెండు కాగితాలు, పైన ఒక రేకు పట్టీ, మేకుకు తగిలించడానికి ఒక తాడు ముక్క. నా ఒళ్లంతా ఇంతే. ఈ కాస్త ఒంటి మీద ఏడు వారాల పాటు ఒక అబద్ధం ఉంది. నా వీపు వెనక దానికి సాక్ష్యం కూడా ఉంది. రెండింటి మధ్యా నేను నిశ్శబ్దంగా వేలాడాను. ఆ సంగతి చెప్పుకుంటే తప్ప నాకు స్థిమితం లేదు.

పుట్టింది శివకాశిలో. ప్రతి నెలకూ పైన ఒక దేవుణ్ణి, కింద ముప్ఫై గడులను అచ్చు వేసి, లారీలో సిరిసిల్లకు పంపారు. బట్టల కొట్టు యజమాని నన్ను వారం రోజులు బల్ల కింద దాచాడు. మంచి గిరాకీలకే ఇస్తాడట. కళమ్మ ఒక లుంగీ కొని రెండు క్యాలెండర్లు అడిగింది. ఒక ఏడాదిని ఊరికే ఇస్తుంటే రెండో ఏడాది కూడా కావాలనడం మనుషులకే చెల్లింది. చివరికి నేనొక్కదాన్నే ఆమె సంచిలోకి వెళ్లాను.

కళమ్మ బీడీలు చుడుతుంది. నన్ను వంటింట్లో తగిలించి, గ్యాస్ బండ వచ్చిన తేదీకి సున్నా చుట్టేది. నూనె వేళ్లతో అమావాస్య వెతికేది. ఆ రోజుల్లో నాకు ఏ పాపమూ తెలియదు.

ఆమె భర్త వీరేశం. ముప్ఫై ఏళ్లుగా సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పని. ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. వేసవిలో కాలికి తగిలిన చిన్న దెబ్బ నెల గడిచినా మానకపోతే ఆసుపత్రికి వెళ్లాడు. షుగర్ అన్నారు. రోజుకో గోలీ రాశారు. అశ్రద్ధ చేస్తే కాలి మీదికి వస్తుందని డాక్టరు చెప్పిన మాట ఇంట్లో వారం రోజులు తిరిగింది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు అఖిల. ఆ వంశంలో డిగ్రీ చేతికి తీసుకున్న మొదటి మనిషి. ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శి. అక్కడే గది తీసుకుని ఉంటుంది, ప్రతి ఆదివారం ఇంటికి వస్తుంది. నలభై రోజులు వరసగా చేస్తే ఏ పనైనా అలవాటైపోతుందని ఏదో శిక్షణలో విన్నదట. నన్ను వంటింట్లోంచి తెచ్చి ముందు గదిలో, పాత దీపపు గూడుకు అడ్డంగా, అందరికీ కనిపించేలా తగిలించింది. బీడీ దారంతో ఒక పెన్ను కట్టింది. పొద్దున టిఫిన్ తినగానే గోలీ, గోలీ వేసుకోగానే టిక్కు. వీరేశం బుద్ధిగా తలూపాడు. తొమ్మిదో ఏటి నుంచీ హాస్టళ్లలో చదివిన ఆ పిల్లకు, తండ్రి పొద్దున టిఫిన్ తినడని తెలియదు. ఆయనా చెప్పలేదు.

మొదటి వారం పగటి షిఫ్టు. చాయ్‌తో గోలీ మింగి టిక్కు పెట్టి పనికి వెళ్లేవాడు. ఒక టిక్కు వణికింది, ఒకటి గడి దాటింది, ఒకదాని మీద చాయ్ చుక్క పడింది. నా జన్మలో అంత గౌరవం ఎప్పుడూ ఎరగను.

రెండో వారం రాత్రి షిఫ్టు. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరి, చెవుల్లో సాంచాల మోత తగ్గకముందే ఒరిగిపోయేవాడు. పొద్దున అంటే ఆయనకు ఆ వారం పడుకునే వేళ. నా గడుల్లో తేదీలున్నాయి గాని, వారానికోసారి తలకిందులయ్యే మనిషి రోజుకు చోటు లేదు. మూడు గడులు ఖాళీగా మిగిలాయి.

ఆదివారం అఖిల వచ్చి నా ముందు నిలబడింది. తిట్టలేదు. లోపలికి వెళ్లి, ఊరందరి చేత మొక్కలకు నీళ్లు పోయిస్తున్నాను గాని మా నాయినతో ఒక్క గోలీ మింగించలేకపోతున్నానని తల్లితో మెల్లగా అంది. వీరేశం వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. ఆమె గట్టిగా అడిగి ఉంటే రాత్రి షిఫ్టు సంగతి చెప్పేవాడేమో. అడగనిదానికి జవాబు ఎలా చెప్తాడు?

జూలైలో, మళ్లీ రాత్రి షిఫ్టు వారం ముగిసిన ఆదివారం, ఆమె బస్సు దిగకముందే, ఆయన పెన్ను అందుకుని ఏడు టిక్కులు ఒక్క ఊపులో పెట్టేశాడు. మింగని గోలీలను, లెక్క సరిపోయేలా, పట్టీలోంచి కత్తెరతో కత్తిరించి, నన్ను కొంచెం పక్కకు జరిపి, గూట్లో వేశాడు. వేళ్లకు సాంచె నూనె వాసన. వదలగానే నేను తిరిగి నా చోటికి వచ్చి గూడును కప్పేశాను. ఎవరూ చెప్పకుండానే కప్పాను.

నాకు నోరు లేని మాట నిజమే. కాని నా ఎదురుగా ఫ్యాను ఉంది. ఆ గాలికి ఎన్నోసార్లు ఎగిరాను, గూడు కనిపించేంత ఎత్తుకు మాత్రం ఎగరలేదు. వెనక్కి తిప్పిన నెలల బరువు అని సాకు పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ సాకు ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ తరువాత పగటి షిఫ్టు వారాల్లోనూ ఆయన గోలీ మానేశాడు. టిక్కుకు గోలీతో పని లేదని తేలిపోయింది కదా. అఖిల చెప్పిన నలభై రోజులు అబద్ధానికి అక్కరలేదు. దానికి రెండు ఆదివారాలు సరిపోయాయి.

ఆగస్టులో మళ్లీ ఆసుపత్రి. డాక్టరుకు చూపిస్తానని అఖిల నన్ను తీయబోతే, వీరేశం ఆమె చెయ్యి పడకముందే తానే తీశాడు. గూటికి అడ్డంగా ఒక దేవుడి పటం నిలబెట్టాడు. ఆ పూట నా పని దేవుడు చేశాడు.

రిపోర్టులో షుగర్ తగ్గలేదు, పెరిగింది. గోలీలు వేసుకుంటున్నారా అని డాక్టరు అడిగాడు. అఖిల గర్వంగా నన్ను బల్ల మీద పరిచింది. డాక్టరు నా గడుల మీద వేలు నడిపించి, క్రమశిక్షణ బాగుంది, మందే చాలడం లేదన్నాడు. మోతాదు పెంచి రాశాడు. వీరేశం నోరు తెరిచాడు. కూతురు ఆయన వైపు చూసి నవ్వింది. మూసుకున్నాడు. బల్ల మీద వెల్లకిలా పడి ఉన్న నాకు ఇద్దరి ముఖాలూ కనిపించాయి. ఆ క్షణం ఇప్పటికీ నన్ను వదలదు.

భయం పట్టుకుని మర్నాటి నుంచి ఆయన నిజంగానే మింగడం మొదలుపెట్టాడు. పెద్ద మోతాదు, పగటి షిఫ్టు, కడుపులో చాయ్ తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు పది కావస్తుండగా సాంచాల మధ్య కుప్పకూలాడు. పక్క సాంచె అతను నోట్లో చక్కెర నీళ్లు పోశాడు. నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఇంటికి తీసుకొచ్చినప్పుడు అతను నా ముందే నిలబడి కళమ్మకు చెప్పాడు. "బెత్తెడు ఇటు పడితే చెయ్యి సాంచె బెల్టుల పడుతుండె వదినె."

ఆ సాయంత్రం అఖిల పరుగున వచ్చింది. డాక్టరు మందు ఎక్కువ రాశాడని కోపంగా ఏదో అనబోయింది. వీరేశం మంచం మీంచి లేచాడు. మేకు నుంచి నన్ను తీశాడు. గూట్లోంచి గోలీ ముక్కలు దోసిట్లోకి తీసి మంచం మీద పోశాడు.

"ఇవన్ని నేను మింగనియి బిడ్డా. నువ్వు మొఖం చిన్నగ చేసుకుంటె చూడలేక టిక్కులు గీకిన. డాక్టరు తప్పేం లేదు."

అఖిల ఒక ముక్కను చేతిలోకి తీసుకుంది.

"నాకు తెలుసు నాయినా," అంది. "నువ్వు ఒక్కపారే గీకిన మొదటి ఆదివారమే తెలిసింది. ఏడు టిక్కులు ఒక్కతీరుగ ఉన్నయి. మా ఆఫీసుల నీళ్ల ట్యాంకు కడిగిన రిజిస్టర్ల గిట్లనే ఉంటె నేను పట్టుకుంట. ఇంట్ల పట్టుకోలే. నిండిన గడులు చూస్తె నాకే మంచిగ అనిపించింది. డాక్టరు ముందట పరిచింది గూడ నేనే."

నేనొక్కదాన్నే దాచానని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. ఆమె నా ముందు నిలబడి నవ్విన ప్రతి ఆదివారం నాతోపాటు ఆమె కూడా దాస్తోందన్నమాట.

మూలన చాటలో బీడీ ఆకు కత్తిరిస్తున్న కళమ్మ తల ఎత్తలేదు. "డిగ్రీ నీది, టిక్కులు ఆయినవి, అన్నం నాది. పొద్దున ఏం తింటడని నన్నొక్కరన్న అడిగిన్రా?"

 అఖిల మంచం అంచున కూర్చుని, నెలల కిందట అడగాల్సిన ప్రశ్న అడిగింది. ఏ షిఫ్టయినా సరే, తప్పకుండా చేసే పని ఏమిటి? వీరేశం ఆలోచించాడు.

"సద్ది విప్పుడు. పగలు గాని రాత్రి గాని, పదింటికి సాంచె బంద్ చేసి, ఇంట్లకెల్లి కట్టుకపోయిన సద్ది తింట. ముప్ఫై ఏండ్ల సంది."

మర్నాడు డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన తండ్రీకూతుళ్లిద్దరినీ మందలించి, మోతాదు మళ్లీ తగ్గించి, సద్దితోనే వేసుకొమ్మన్నాడు. అప్పటి నుంచి కళమ్మ సద్ది గిన్నె మూత మీద గోలీని కాగితంలో చుట్టి పెడుతుంది. గిన్నె తెరవాలంటే ముందు గోలీ చేతికి తగులుతుంది. నన్ను ఆయన చొక్కా తగిలించే కొక్కెం పక్కకు మార్చారు. పని నుంచి వచ్చి చొక్కా విప్పినప్పుడు టిక్కు పెడతాడు. ఒకటి వణుకుతుంది, ఒకటి గడి దాటుతుంది.

సెప్టెంబరులో ఒక గడి ఖాళీగా ఉంది. అఖిల చూసింది. ఆమె దవడ బిగుసుకోవడం నాకు కనిపించింది. అయినా ముఖం తిప్పుకోకుండా, ఎందుకు ఖాళీ అని అడిగింది. ఆ రోజు కరెంటు పోయి పదింటికి ముందే ఇంటికి పంపారట. సద్ది విప్పలేదు, గోలీ మరిచాడు. "అట్లనా," అంది. అంతే. మర్నాటి గడిలో టిక్కు ఉంది. ఏడాది ముగిసేసరికి నా మీద అలాంటి ఖాళీలు తొమ్మిది.

జనవరిలో నా మేకుకు కొత్త క్యాలెండర్ వచ్చింది. నా కాగితాలు తలో దిక్కు పోయాయి. కొన్ని బియ్యం డబ్బా కిందికి, కొన్ని పక్కింటి పిల్లల పుస్తకాల అట్టలకు. జూలై నెలను మాత్రం వీరేశం తానే విడదీశాడు. ఆ ఏడు టిక్కులు పైకి వచ్చేలా మడిచి, పాత దీపపు గూట్లో పరిచాడు. ఇప్పుడు గోలీల డబ్బా ఉండేది అక్కడే, బాహాటంగా. తెల్ల వైపు పైకి వేస్తే శుభ్రంగా ఉంటుంది కదా అని కళమ్మ అంది.

"ఉండనియ్. నాకు కనబడాలె," అన్నాడు.

రోజూ డబ్బాలోంచి ఒక గోలీ తీసి కళమ్మకు ఇస్తాడు. డబ్బాను మళ్లీ ఆ ఏడు టిక్కుల మీద పెట్టడు, పక్కన పెడతాడు. పరిచిన కాగితానికి దేన్నీ దాచడం కుదరదు. నాకు వేసిన శిక్ష అదే అనుకుంటాను.