అలవాటవుతుంది

తొడ ఎముక చుట్టూ కత్తిమొన తిప్పి, కండను ఒక్క లాగులో విడదీసి, ఎముకను కాళ్ళ దగ్గరున్న తొట్టిలో పడేసింది ఆర్లీన్. తొట్టి అప్పటికే సగం నిండింది. బల్ల మీద ఒక జింక, దాని వెనక కొక్కేలకు ఇంకో మూడు వేలాడుతున్నాయి. తెల్లవారినా వెలుతురు సరిగ్గా రాలేదు. అలాస్కాలో నవంబరు అంటే అంతే. షెడ్డు రేకుల మీద వాన నిన్నటిలాగే, మొన్నటిలాగే ఒకే శ్రుతిలో పడుతోంది.

ఆర్లీన్ పొడుగాటి మనిషి. అరవైకి దగ్గర పడింది. ఏళ్ళ తరబడి బల్ల మీదికి వంగి వంగి భుజాలు ముందుకు ఒరిగిపోయాయి. కుడిచేతి చివరి రెండు వేళ్ళు పొద్దున్నపూట ముడుచుకోవు. వేడినీళ్ళ బకెట్లో కాసేపు నానబెడితేగానీ కత్తిని పట్టనివ్వవు. మోచేతుల దాకా సన్నటి తెల్ల గీతలు. కొన్ని కత్తి గాట్లు, కొన్ని చేప ముళ్ళు చేసినవి. నెరిసిన జుట్టును తనే అద్దం చూడకుండా కత్తిరించుకుంటుంది కాబట్టి ఒక చెవి మీద పొట్టిగా, ఇంకో చెవి మీద పొడుగ్గా ఉంటుంది.

వేసవిలో ఈ లాడ్జికి చేపల కోసం వస్తారు, చలికాలం ముందు జింకల కోసం వస్తారు. పట్టేదీ కాల్చేదీ వాళ్ళు. కోసేది, కడిగేది, గాలి తీసి ప్యాకెట్లు కట్టేది ఆర్లీన్. ఆమెకు ఎదురుగా కీమా మిషను దగ్గర నిలబడేది విల్మా. విల్మా ట్లింగిట్ తెగ మనిషి. ఆమె తాతల తాతలు కూడా ఈ ద్వీపంలోనే పుట్టారు. డెబ్బై దాటిన ఆమెను ఊరందరూ ఆంటీ అనే పిలుస్తారు.

"ఇవాళ పడవ రోజు కదా పిల్లా, నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావు?" అంది విల్మా.

"వచ్చేవారం వెళతాం ఆంటీ."

విల్మా మిషను ఆపింది. "కొండ మీద మంచు పడిందా?"

"పడింది."

"జింకలు తీరానికి దిగాయా?"

"దిగాయి."

"అయితే సరే. మీ ఆయన్ని మంచం మీంచి లేపాలన్నా అవే, ఊరు దాటకుండా కట్టేయాలన్నా అవే. నువ్వెన్ని జన్మలెత్తినా వాటితో పోటీపడలేవు."

ఆర్లీన్ జింక వెన్ను కండను వేలితో తడిమి, ఇరుక్కున్న వెంట్రుకలను ఏరి పారేసింది.

పొద్దున ఆమె భర్త వర్జిల్ కూడా ఇలాగే వేలితో ఏదో చూపించాడు. కిటికీ దగ్గర బైనాక్యులర్ పట్టుకుని, పొగబెట్టిన సాల్మన్ చేప ముక్క నములుతూ, "చూడు, చూడు ఆర్లీన్, మూడు. ఆ బండ పక్కన. తెల్లారేసరికి దిగేశాయి," అన్నాడు. గొంతులో పదేళ్ళ పిల్లవాడి సంబరం. ప్రయాణపు సంచులు ఆమె రాత్రే సర్దింది. అవి తలుపు దగ్గరే ఉన్నాయి. అతను వాటిని దాటుకుంటూ వెళ్ళి తుపాకీ తీసుకున్నాడు. "వచ్చేవారం పోదాంలే. పిల్ల ఎక్కడికీ పోదుగా."

పిల్ల అంటే మనవరాలు. వాళ్ళ కూతురి పేరు కే. ఆమె బిడ్డ. టకోమా నగరంలో పుట్టి, నడిచి, మాట్లాడి, బడికి కూడా వెళుతోంది. ఆర్లీన్ ఇంతవరకు చూడలేదు. పుట్టినప్పుడు సాల్మన్ చేపలు ఏటికి ఎదురెక్కే రోజులు. తొలి పుట్టినరోజుకి హాలిబట్ చేపలు. ఆ తర్వాత ఎండ్రకాయలు. ఈసారి వస్తున్నామని చెప్పినప్పుడు కే ఫోనులో, "రామ్మా. పిల్లకి మాత్రం ముందే చెప్పను," అంది.

కే పదహారేళ్ళకే ద్వీపం వదిలి వెళ్ళిపోయింది. ఇక్కడికి వచ్చేనాటికి దానికి తొమ్మిదేళ్ళు. అప్పుడు వర్జిల్ ఒహాయోలో టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉమ్మితే నల్లగా పడేది. ఆదివారాలు గోడకు తగిలించిన అలాస్కా క్యాలెండరు కింద కూర్చుని, అక్కడ మనిషి తన తిండి తనే వేటాడుకుంటాడనీ, తన చేపను తనే పట్టుకుంటాడనీ, ఒకడి కింద బతకడనీ చెప్పేవాడు. ఒకనాడు ఇల్లు అమ్మేశాడు. రెండేళ్ళు చూద్దాం, నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దాం అన్నాడు.

అతనికి నచ్చింది. దగ్గు పోయింది. ముఖానికి రంగు వచ్చింది. ఆర్లీన్ కాలు విరిగిన ఏడాది బురదనేల మీద ఆమెను వీపున వేసుకుని, పాటలు పాడుకుంటూ తీరం దాకా మోసుకొచ్చాడు. చెడ్డవాడైతే ఏనాడో వదిలేసి ఉండేది. సంతోషంగా ఉన్న మనిషిని ఎలా తిట్టాలో ఆమెకు తెలియలేదు. కాకపోతే ఆ సంతోషానికి పెట్రోలు కావాలి, తూటాలు కావాలి, పడవకు ఇంజను కావాలి. జింక మాంసంతో అవి రావు. అందుకని వచ్చిన రెండో ఏడే ఆర్లీన్ లాడ్జిలో కత్తి పట్టుకుంది. ఒకడి కింద బతకని మనిషి ఇంట్లో ఒకడి కింద బతికే మనిషి ఒకరు ఉండక తప్పలేదు.

లాడ్జి హాలు గోడకు పెద్ద ఫొటో ఒకటి ఉంటుంది. మనిషికన్నా పొడుగైన హాలిబట్ చేప, దాని పక్కన నవ్వుతూ వర్జిల్. ఆ చేప ఆర్లీన్ గాలానికి పడింది. పైకి లాగింది కూడా ఆమే. ఫొటో తీసేవాళ్ళు ఇంకెవరూ లేక కెమెరా తనే పట్టుకుంది. మొదట్లో వర్జిల్ "మేం పట్టాం" అని చెప్పేవాడు. కొన్నేళ్ళకు "నేను పట్టాను" అయింది. అబద్ధమాడుతున్నానన్న ఎరుక కూడా అతనికి లేదని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం ముందు ఒక జంట తమ మాంసం కోసం షెడ్డుకు వచ్చారు. భర్త డెరిక్‌కి ముప్పై అయిదు ఉంటాయేమో. కొత్త గడ్డం, కొత్త చొక్కా, కళ్ళలో మెరుపు. ఇండియానా నుంచి వచ్చారు. అతని భార్య లియాన్ గుమ్మంలోనే ఆగిపోయింది. నేల మీద నెత్తురు నీళ్ళు పారుతుంటే తన బూట్ల వైపు చూసుకుంది.

"హాల్లో ఫొటోలో ఉన్నది మీ ఆయనేనటగా?" అన్నాడు డెరిక్. "అదండీ బతుకంటే. మేమూ వచ్చేస్తున్నాం. ద్వీపం ఉత్తరపు కొసన స్థలం తీసుకున్నాం. వసంతానికల్లా ఇక్కడే. పిల్లలక్కూడా అసలైన జీవనశైలి అంటే ఏమిటో తెలియాలి."

విల్మా కీమా మిషను మీంచి తల ఎత్తింది. "మీరు జీవనశైలి అంటారా నాయనా? మేం దాన్ని మధ్యాహ్నం భోజనం అంటాం."

డెరిక్ పెద్దగా నవ్వి, తన జింక కొమ్ములు చూసుకోవడానికి గుమ్మం అవతలికి వెళ్ళాడు. లియాన్ మాత్రం వెళ్ళలేదు. బల్ల దగ్గరికి వచ్చింది. గోళ్ళకు వేసుకున్న రంగు కొసల్లో చెక్కుకుపోయి ఉంది. వాటిని గిల్లుకుంటూ అడిగింది.

"ఇక్కడ ఎలా ఉంటుందండీ? ఆడవాళ్ళకి?"

ఆర్లీన్ కత్తి ఆగింది. ఈ ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. ఏటా ఎవరో ఒక భర్త కలగంటాడు, ఎవరో ఒక భార్య వచ్చి గొంతు తగ్గించి అడుగుతుంది. ఆర్లీన్ నోరు ఎప్పుడూ చెప్పే జవాబునే చెప్పింది.

"అలవాటవుతుంది."

లియాన్ తల ఊపింది. థాంక్స్ అని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక కూడా ఆర్లీన్ చాలాసేపు కత్తి కదపలేదు.

"ఆ అమ్మాయి మొహం చూశావా?" అంది విల్మా.

"చూశాను."

"మరి అలా చెప్పావేం?"

"ఇంకేం చెప్పమంటారు ఆంటీ? మొగుడు గుమ్మంలోనే ఉన్నాడు."

"నీకు గుమ్మంలో ఎప్పుడూ ఒకడు ఉంటాడు పిల్లా," అని విల్మా మళ్ళీ మిషను తిప్పింది.

పడవ వచ్చేసరికి వాన పలచబడింది. అతిథుల మాంసం పెట్టెలను రేవుకు చేర్చడం కూడా ఆర్లీన్ పనే. లాడ్జి తోపుడు బండి మీద పెట్టెలు పేర్చుకుని, జారుడు చెక్కల మీద జాగ్రత్తగా నెట్టుకుంటూ వచ్చింది. కార్లను కూడా మోసే ఆ పెద్ద పడవ నోరు తెరిచి, ఇనుప వంతెనను రేవు మీదికి చాపి ఉంది. పడవలో ఏళ్ళుగా పనిచేసే హాల్వర్ పెట్టెలు అందుకుంటున్నాడు.

చివరి పెట్టెను ఆమె హాల్వర్‌కి ఇవ్వలేదు. బండి నెట్టేటప్పుడు వేసుకునే రబ్బరు చేతొడుగు విప్పి పిడికి తొడిగి, పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, "ఇది నేనే ఇస్తాలే," అని తనే పడవలోకి నడిచింది.

లియాన్ పడవ పై అంతస్తు గదిలో కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుని ఉంది. డెరిక్ బయట వానలో నిలబడి ద్వీపానికి ఫొటోలు తీస్తున్నాడు. ఆర్లీన్ పెట్టెను బల్ల కింద పెట్టింది. ఏప్రన్ మీద నెత్తురు అప్పుడు గుర్తొచ్చింది. చేతులు దాని వెనక దాచుకుంది.

"పొద్దున నీకు అబద్ధం చెప్పాను," అంది.

లియాన్ తల తిప్పింది.

"అలవాటవుతుందన్నాను కదా. అవదు. నాకవలేదు. మా అమ్మ చచ్చిపోతే వెళ్ళలేదు. నా కూతురు నన్ను నమ్మడం మానేసింది. ఈ నేల మంచిదే, ఈ నీళ్ళూ మంచివే. నాకు వీటి మీద కోపం లేదు. కానీ ఇది ఆయన కల. నేను అందులో పనిమనిషిని. నువ్వు రాకు. వస్తే రెండేళ్ళన్న మాట మాత్రం నమ్మకు."

ఇంత పొడుగు మాట ఆమె ఎవరితోనూ ఎన్నడూ మాట్లాడలేదు. కుర్చీ అంచు పట్టుకుంది. లియాన్ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఇల్లు అమ్మేశాడండి. ఇక్కడికి రాకముందే. నాకు నిన్న చెప్పాడు."

"మరి నన్నెందుకు అడిగావు?"

లియాన్ కిటికీ వైపు చూసింది. అద్దం అవతల డెరిక్ చెయ్యి ఊపుతున్నాడు. ఆమె కూడా ఊపింది.

"అలవాటవుతుందని ఎవరైనా అంటే విందామని," అంది.

హారన్ మోగింది. ఆర్లీన్ కిందికి దిగింది. మెట్ల చివర కార్లు నిలిపే చోట హాల్వర్ గొలుసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వంతెన ఇంకా ఎత్తలేదు. అవతల రేవు, దాని మీద సన్నటి వాన, దూరంగా ఆమె ఇంటి పొగగొట్టం. పొగ రావడం లేదు. పొయ్యి ఆరిపోయి ఉంటుంది. ఆమె వెళ్ళి అంటించాలి.

"త్వరగా ఆర్లీన్, ఎత్తేస్తున్నాను. దిగుతావా?"

ఆమె రెండడుగులు వేసి ఆగింది. వర్జిల్ ఈపాటికి ఏ చెట్టు మొదట్లోనో తడుస్తూ, ఊపిరి బిగబట్టి, ప్రపంచంలో అందరికన్నా సుఖంగా కూర్చుని ఉంటాడు. చీకటి పడేసరికి ఆకలితో వస్తాడు. జింక పడితే కబుర్లతో వస్తాడు, పడకపోతే మౌనంగా వస్తాడు. ఎలా వచ్చినా సంచుల్ని దాటుకుంటూనే లోపలికి వస్తాడు.

"ఇవాళ్టి పడవకి నా పేరుందిగా?" అంది.

"ఉంది. మీ ఇద్దరివీ ఉన్నాయి. వర్జిల్ ఏడీ?"

"జింకలు దిగాయి."

ద్వీపం మనిషికి ఆ మాట చాలు. హాల్వర్ ఆమె ఏప్రన్ వైపూ ఖాళీ చేతుల వైపూ చూశాడు. గొలుసు లాగాడు. ఇనుప వంతెన నీళ్ళు కారుస్తూ పైకి లేచి, రేవును మూసేసింది.

ఆర్లీన్ అక్కడే, ఎవరిదో ట్రక్కు పక్కన, తడి ఇనుము మీద కూర్చుండిపోయింది. విడుదలైనట్టు ఏమీ అనిపించలేదు. కొక్కేనికి ఇంకో జింక మిగిలిపోయిందనీ, వేడినీళ్ళ బకెట్ పారబోయలేదనీ గుర్తొచ్చింది. టకోమాలో తలుపు తీసే పిల్ల ఈ వాసనకు ముక్కు మూసుకుంటుందేమో అనుకుంది. వేళ్ళు వాసన చూసుకుంది. అవి ఎంత కడిగినా అంతే.

సాయంత్రం మసక పడుతుండగా వర్జిల్ షెడ్డుకు వచ్చాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముఖం వెలిగిపోతోంది.

"మంచి కొమ్ములది పడింది ఆంటీ. ఇంటి వెనక వేలాడదీశాను. ఆర్లీన్ ఏది? ఇంట్లో పొయ్యి కూడా లేదు."

విల్మా మిషను భాగాలు కడిగి ఆరబెడుతోంది. తల ఎత్తలేదు. "పడవెక్కింది."

"పడవా? మా పడవ వచ్చేవారం కదా?"

"నీది వచ్చేవారం," అంది విల్మా.

అతను నవ్వబోయి ఆగాడు. విల్మా ముఖంలోకి చూశాడు. తర్వాత రేవు వైపు నడిచాడు. ముందు మామూలుగా, కాస్త దూరం పోయాక పెద్ద పెద్ద అంగలు వేస్తూ. చెక్కల కొసన నిలబడి, అతను చాలాసేపు నీళ్ళ వైపు చూశాడు. ఆ నీళ్ళలో ఎక్కడ ఏ చేప తిరుగుతుందో అతనికి తెలుసు. పడవ ఎంత దూరం పోయి ఉంటుందో మాత్రం తెలియలేదు. తిరిగి వస్తున్నప్పుడు దారికి అడ్డంగా ఉన్నదేదో మోకాలికి తగిలింది. తిట్టుకుంటూ దాన్ని పక్కకు నెట్టి వెళ్ళిపోయాడు.

అది లాడ్జి తోపుడు బండి. పక్కకు ఒరిగి, ఒక చక్రం చెక్కల సందులో ఇరుక్కుని, మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉంది. పిడికి తొడిగి ఉన్న ఆర్లీన్ రబ్బరు చేతొడుగు రాత్రంతా కురిసిన వానకు నిండి, అరిగిన వేళ్ళ కొసల్లోంచి బొట్టు బొట్టుగా కారుతోంది.