దొంగనిద్ర

డ్రాయింగ్ టీచరమ్మ నెలల తరబడి కూర్చుని ఒక బొమ్మల సినిమా గీసింది. వానలో దారి తప్పిన ఏనుగుపిల్ల కథ. ఇక మిగిలింది ల్యాప్‌టాప్ పని, బొమ్మలన్నిటినీ కలిపి సినిమాగా కట్టడం. దానికే ఒక పూట పడుతుంది. పిల్లల సినిమాల పోటీకి పంపే గడువేమో ఆ సాయంత్రమే.

తెల్లవారగానే పని మొదలుపెట్టించి వంటింట్లోకి వెళ్లింది. కూర దించి వచ్చి చూస్తే, ఎవరూ ముట్టుకోవడం లేదు కదా అని యంత్రం హాయిగా నిద్రలోకి జారుకుంది. లేపేసరికి సాఫ్ట్‌వేర్ కాస్తా మూతపడి, పని మళ్లీ మొదటికొచ్చింది.

పళ్లు కొరుక్కుంటూ సెట్టింగుల్లో 'స్లీప్' అన్నచోట 'ఎప్పుడూ వద్దు' అని పెట్టింది. ఛార్జర్ తగిలించి, మళ్లీ మొదలుపెట్టి స్నానానికి వెళ్లింది.

వచ్చేసరికి ల్యాప్‌టాప్ మూసి ఉంది. పైన ఉతికిన తువ్వాలు కప్పి ఉంది.

"దుమ్ము పడుతోందని మూశానమ్మా," అంది అత్తగారు.

టీచరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. "మూత వేస్తే అది పడుకుంటుంది అత్తయ్యా. అది పడుకుంటే నా ఏనుగు వానలోనే ఉండిపోతుంది."

ఆవిడ మొహం చిన్నబోయింది. "నాకేం తెలుసు తల్లీ? ఓ మాట చెప్పి వెళ్లకూడదూ?"

నిజమే, చెప్పలేదు. ఈసారి మూత వేసినా పని ఆగకుండా ఆ సెట్టింగు కూడా మార్చి, పని మళ్లీ మొదలుపెట్టి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని అంతా వివరించింది.

"నువ్వు బడికెళ్లు. దీని సంగతి నేను చూసుకుంటా," అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

మధ్యాహ్నం బడికి ఫోను. "అమ్మాయ్, తెర ఆరిపోయింది. ఒట్టు, నేను వేలు కూడా పెట్టలేదు."

టీచరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది, తెర ఆరే సెట్టింగు తాను మార్చనే లేదు. "దగ్గరగా చెవి పెట్టండి. లోపల ఫ్యాను తిరుగుతోందా?"

"ఆఁ, రొద పెడుతోంది."

"అయితే మేలుకునే ఉంది. తెర ఒక్కటే ఆరింది."

"దొంగనిద్రన్నమాట," అంది అత్తగారు తేలిగ్గా.

సాయంత్రం టీచరమ్మ చెప్పులైనా విప్పకుండా వచ్చి మౌస్ కదిపింది. తెర వెలిగింది. పని పూర్తయింది. గడువు దాటకముందే సినిమా పోటీకి చేరిపోయింది.

అత్తాకోడళ్లు కూర్చుని చూశారు. ఏనుగుపిల్ల తల్లిని చేరుకోగానే అత్తగారు లేచి వెళ్లి పక్కింటివాళ్లందరినీ పిలుచుకొచ్చింది.

"గీసింది మా కోడలు," అంది కుర్చీలు సర్దుతూ. "కాపలా నాది."