కోయిరు మాస్టారి ముక్కాలిపీట

వేడి ఉప్పునీళ్ల గిన్నెలో కుడిచెయ్యి మోచేతి దాకా ముంచుకుని, ఎడమచేత్తో కీర్తనల పుస్తకం తిప్పుతున్నాడు వరదానం మాస్టారు. వెనక నిలబడి భార్య సారమ్మ ఆయన భుజానికి వెచ్చటి ఆముదం మర్దనా చేస్తోంది. డిసెంబరు వచ్చిందంటే ఆ ఇంట్లో ఇదే తంతు. పాతికేళ్లుగా ఆయన ఏలూరు మిషన్ బడిలో పాఠాలు చెబుతున్నాడు, చర్చి గుడిలో పాడే కోయిరు జట్టుకు తాళం చూపిస్తున్నాడు. రెండుచోట్లా ఒకటే బెత్తం. బడిలో దానితో ఏ పిల్లవాణ్ణీ కొట్టిన పాపాన పోలేదు.

మొన్న ఉంగుటూరు, నిన్న దెందులూరు, ఇవాళ ఏలూరు, రేపు తాడేపల్లిగూడెం. క్రిస్మసు కూడికలు ఊపిరి సలపనివ్వడం లేదు. ప్రతిచోటా రెండేసి గంటలు నిలబడి చెయ్యి ఊపాలి. నిన్న మూడో కీర్తన మధ్యలో గుండె పట్టేసింది. పొద్దున డాక్టరు గొట్టం పెట్టి చూశాడు.

"మానలేకపోతే కనీసం కూర్చుని చెయ్యండి మాస్టారూ. ఇలాగే నిలబడితే ఈ పండగ దాటరు" అన్నాడు.

అంత తేలిగ్గా అన్నందుకు మాస్టారికి ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఏవండీ, పీట పట్టికెళ్లండి. లేదంటే నేనే నెత్తిన పెట్టుకుని గుడికొస్తాను" అంది సారమ్మ.

"సరేలే, ఊరుకో."

అది సారమ్మ తండ్రి చేసిచ్చిన తుమ్మకర్ర ముక్కాలిపీట, మోకాలెత్తుది. దాన్ని చంకన పెట్టుకుని కాలవగట్టున రెండుచోట్ల ఆగుతూ నడిచాడు మాస్టారు. గుడి గుమ్మంలోనే సంఘపెద్ద ప్రసాదరావు ఎదురొచ్చాడు.

"ఇదేంటి మాస్టారూ?"

"కూర్చుని తాళం చూపిస్తానండి. డాక్టరు చెప్పాడు."

"దేవుడి సన్నిధిలో కూర్చుని చెయ్యి ఊపుతారా అండీ? చూసేవాళ్లకి బాగుండదండీ" అని ఎంతో మెత్తగా అంటూనే పీట అందుకుని, వరండాలో చెప్పుల పక్కన పెట్టించాడు. తర్వాత వెళ్లి ముందు వరసలో తన పేముకుర్చీలో చేరగిలబడ్డాడు. ఆ కుర్చీ ఏ దేవుడి సన్నిధిలో ఉందో మరి!

మాస్టారు మొదటి కీర్తన నిలబడే నడిపించాడు. రెండో చరణానికి మెడ వెనక చెమట పట్టింది. నాలుగో చరణానికి ఎడమచెయ్యి మొద్దుబారింది. హార్మోనియం వాయిస్తున్న ఎలిజబెత్ ఆయన మొహం చూసి కంగారుపడి ఒక మెట్టు తప్పింది. మిగిలినవాళ్లు బెత్తం కొస చూశారే తప్ప, దాన్ని పట్టుకున్న మనిషిని చూడలేదు. పాతికేళ్లలో ఒక్కరంటే ఒక్కరు, మాస్టారూ కాసేపు కూర్చోండి అన్నవాళ్లు లేరు.

కీర్తన అయిపోయింది. మాస్టారు విసవిసా వరండాలోకి వెళ్లి, చెప్పుల మధ్య నుంచి పీట తెచ్చి, కోయిరు ముందు చప్పుడయ్యేలా వేసి కూర్చున్నాడు. ప్రసాదరావు లేచి వచ్చాడు.

"లేవండి మాస్టారూ."

"ఎలిజబెత్ కూర్చునే వాయిస్తోంది. మీరు కూర్చునే వింటున్నారు. నిలబడి చచ్చేది నేనొక్కణ్ణేనా అండీ?"

ప్రసాదరావు గొంతు పెంచలేదు.

"పద్ధతి పెట్టింది మీరే కదండీ. కాళ్లు వాచిపోయాయి, కూర్చుని పాడతానని ఇమ్మానుయేలు అడిగితే ఏమన్నారో గుర్తులేదా?"

గుర్తులేకేం? ఆరేళ్లయింది. ఆ గుడిలో అంత లోతైన గొంతు ఇంకొకరికి లేదు. ఇదే బెత్తం చూపించి, "కూర్చున్న గొంతు నా కోయిరుకి అక్కర్లేదు" అని అందరి ముందూ అన్నాడు మాస్టారు. ఇమ్మానుయేలు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయన ఇల్లు నాలుగు వీధుల అవతల, జనపనార మిల్లు వెనక. ఆరేళ్లలో మాస్టారు ఒక్కసారీ ఆ గుమ్మం తొక్కలేదు. అందాకా ప్రసాదరావు మీద రేగుతున్న కోపం తన మీదికే తిరిగింది. చెంపలు వాయించుకోవాలనిపించింది.

"అవునండీ. అన్నాను" అని లేచాడు.

పీట మోసుకుని వెనక లోగొంతుతో బేసు పాడేవాళ్ల వరసలోకి వెళ్లాడు. వాళ్లు జరిగి దారిచ్చారు. ఒకప్పుడు ఇమ్మానుయేలు నిలబడ్డ చోట పీట వేసి, దాని మీద బెత్తం పెట్టాడు.

"ఇది ఇమ్మానుయేలు చోటు. ఎవరూ తియ్యకండి. రేపు గూడెం నేను రాను."

"మరి ఇప్పుడు పాటో?" అన్నాడు ప్రసాదరావు.

"మీకు కాళ్లున్నాయి కదండీ. నిలబడి చూపించండి."

కాలవ వంతెన దాకా వచ్చేసరికి ఆయాసం ముంచుకొచ్చి, మాస్టారు పిట్టగోడ మీద కూర్చున్నాడు. గుడిలో రెండో కీర్తన ఎత్తుకున్నారు. తాళం లేక పరిగెడుతోంది. అలవాటుకొద్దీ కుడిచెయ్యి పైకి లేచింది. దాన్ని ఎడమచేత్తో పట్టి కిందికి లాగి, చంకలో దాచుకున్నాడు. కోపం తగ్గలేదు గాని ఊపిరి నిలదొక్కుకుంది. లేచి, గుడి వైపు చూడకుండా మిల్లు దారి పట్టాడు.

గుడిలో బేసు వరసలో అటో మనిషి ఇటో మనిషి ఒదిగి నిలబడి పాడుతున్నారు. మధ్యలో ముక్కాలిపీట, దాని మీద అడ్డంగా బెత్తం.